కొమురవ్వ మెడ పందెం

కొమురవ్వకు నోరెక్కువ అని ఊరంతా అంటుంది. ఊరు అబద్ధం చెప్పదు గానీ నిజం సగమే చెబుతుంది. ఆ నోటికి ఎంత పని పడిందో మాత్రం చెప్పదు. పెండ్లయిన ఆరేండ్లకు మొగుడు మస్కట్ పోయి, ఉత్తరం ముక్క రాయకుండా అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పుడు కొమురవ్వ ఏడుస్తూ కూర్చోలేదు. అత్తగారి గడప ముందు నిలబడి, నలుగురూ వినేలా నిలదీసి, తన పెట్టె తాను తెచ్చుకుని, వేములవాడ పక్కన పుట్టిన ఊరికి వచ్చేసింది. బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. కార్ఖానా గుమస్తా ఒకరోజు ఆమె కట్టల్లోంచి పిడికెడు బీడీలు తీసి, పనికిరావని పక్కకు పడేశాడు. కొమురవ్వ అందులో ఒకటి ముట్టించి అతని చేతికిచ్చి, "గుంజు. పొగ రాకుంటే నేనే పనికిరానని ఒప్పుకుంట" అంది. పొగ దండిగా వచ్చింది. ఆ తర్వాత ఆ గుమస్తా ఆమె కట్టలు విప్పడం మానేశాడు.

ఇంత నోరున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం ఇరవై ఏండ్లు నోరు మూసుకుంది. అది తల్లి రాజవ్వ చావు.

రాజవ్వ మెడలో గడ్డ మొదట్లో నిమ్మకాయంత ఉండేది. దానికి తాయెత్తు కట్టారు, పసరు పూశారు, కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టారు. గడ్డ తన పని తాను చేసుకుంటూ పోయింది. అప్పుడు కొడుకు హనుమండ్లుకు ఎవరో చెప్పారు, ఇచ్చోడ దాటినంక ఒక ఊళ్లో జీడి పెట్టే మనిషి ఉన్నాడని. నల్లజీడి గింజను కాల్చి, దాని నూనెతో గడ్డ చుట్టూ చుక్కలు చుక్కలుగా కాలుస్తాడు. మూడుసార్లు తీసుకుపోయారు. తోలు కాలింది, గడ్డ కాలలేదు. చివరికి గుక్కెడు గంజి కూడా గొంతు దిగని రోజున కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ గడ్డలోకి సన్నని సూది పెట్టి పరీక్ష చేశారు. చెయ్యి దాటిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నెల తిరగకముందే రాజవ్వ పోయింది.

చివరగా వచ్చినవాడి మీద నింద వెయ్యడం లోకం రివాజు. పెండ్లికి ఆఖరున వచ్చిన చుట్టం వల్లనే కూర అయిపోయిందంటారు చూడండి, అట్లా. తాయెత్తు తప్పు కాదు, పసరు తప్పు కాదు, జీడి తప్పు కాదు. సూది తప్పు! కర్మ అయిన రోజునే హనుమండ్లు తేల్చేశాడు. "గడ్డ పండుకున్న పాము. సూది పెట్టి లేపిండ్రు. నిమ్మకాయంత ఉన్నది కొబ్బరికాయంత అయింది. నా కండ్లార సూసిన." ఆ తర్వాత ఊళ్లో ఎవరికి మెడ వాచినా వచ్చి హనుమండ్లును అడిగేవాళ్లు. ఆయన ఆ మాటే చెప్పేవాడు. ఎంతమంది ఆ మాట విని ఆస్పత్రి ఎగ్గొట్టారో దేవుడికే తెలియాలి.

కొమురవ్వకు నిజం తెలుసు. అన్నిచోట్లకూ తల్లి వెంట తానూ పోయింది. కానీ హనుమండ్లు చెడ్డవాడు కాదు. మొగుడు వదిలేసిన అక్కకు తన ఇంటి పక్కనే జాగా ఇచ్చి గది కట్టించిన తమ్ముడు. తల్లి పోయినప్పుడు, జీడితో కాల్పించింది గుర్తొచ్చి, పొయ్యిలో నిప్పు కూడా చూడలేకపోయాడు. సూది మీద కోపం ఒక్కటే ఆయన్ను నిలబెట్టింది. ఆ కర్ర లాగేస్తే మనిషి పడిపోతాడని అక్క భయపడింది. అందుకే ఊరుకుంది. ఊరుకోవడం తన వల్ల అయ్యే పని కాకపోయినా ఊరుకుంది.

ఆ ఊరుకోవడం సృజన మెడ దగ్గర తెగిపోయింది.

సృజన హనుమండ్లు చిన్నబిడ్డ. పదిహేడేండ్లు, ఇంటర్ రెండో ఏడు. చెవి కింద మెడలో రేగుపండంత గడ్డ లేచింది. నెల రోజులకు పక్కన ఇంకొకటి. పిల్ల చున్నీ చుట్టుకుని కాలేజీకి పోతోంది. హనుమండ్లు వేములవాడ రాజన్నకు కోడె కట్టే మొక్కు చెల్లించి వచ్చాడు. వచ్చి, ఆదివారం ఇచ్చోడ పోవడానికి జీపు మాట్లాడాడు. జీడి పెట్టే ముసలాయన లేడు గానీ కొడుకు ఉన్నాడట. తండ్రి కంటే వీడి చెయ్యి మంచిదట.

ఆ మాట చెవిన పడినప్పుడు కొమురవ్వ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి, పొగాకు చేతులతోనే తమ్ముడి వాకిట్లోకి వచ్చింది.

"పిల్ల మెడ కాలిపిస్తవా?"

"నయమైతది అక్కా. నువ్వు నడుమల రాకు."

"అవ్వకు నయమైందా?"

"అవ్వను సూది సంపింది!" హనుమండ్లు గొంతు పెరిగింది. "నా బిడ్డ మెడల సూది పెట్టనియ్య. నా పానం పోయినా పెట్టనియ్య."

వాకిట్లో నలుగురు చేరారు. ఎదురింటి రాయమల్లు కల్లు ముంత చేతిలో పట్టుకునే వచ్చాడు. కొమురవ్వ కొంగు పక్కకు తీసి తన గొంతు చూపించింది. కింద, మధ్యకు కొంచెం కుడిపక్కన, జామపిందెంత వాపు.

"గిది పదేండ్ల సంది ఉన్నది, నువ్వెరుగవా? సోమారం కరీంనగర్ పోత. గీండ్ల సూది పెట్టిచ్చుకుంట. అవ్వ నెల తిరగకముందే పోయిందంటివి గద. నేను నెల బతికి నీ కండ్ల ముంగట తిరిగితే, పిల్లను నువ్వే ఆస్పత్రికి తీస్కరావాలె. సంతకం నువ్వే పెట్టాలె. నేను సస్తే నీ ఇష్టం. ఇచ్చోడకు తీస్కపోతవో, కాశికి తీస్కపోతవో. అందాక జీపు వద్దు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"లేసింది. లేవాల్సినప్పుడు లేవలే, ఇరవయ్యేండ్లు ఆల్శెం అయింది."

రాయమల్లు ముంత కింద పెట్టి, "మాట గట్టిగున్నది హనుమండ్లూ" అన్నాడు. పదిమంది ముందు వెనక్కి పోవడానికి హనుమండ్లుకు మొహం చెల్లలేదు. సరే అన్నాడు. ఆ సాయంత్రం అక్కకు చాటుగా కబురు పంపాడు, పోవద్దని. కొమురవ్వ కబురు తెచ్చిన మరదలికి చాయ్ పోసి పంపించింది. కబురుకు మాత్రం జవాబు పంపలేదు.

సోమవారం ఆస్పత్రిలో ఆమెను చూసిన డాక్టర్ పేరు రోజారాణి. చిన్నపిల్లలా ఉంది. స్కానింగ్ కాగితం చూసింది, మెడ తడిమింది, గుటక మింగమంది. మింగితే గడ్డ పైకి పోయి కిందికొచ్చింది. తర్వాత సూది తీసింది. కొమురవ్వ దాన్ని చూసి నివ్వెరపోయింది. జ్వరానికి వేసే సూది కంటే సన్నం.

"గీ సూదేనా బిడ్డా మనుషులను సంపేది?"

డాక్టర్ నవ్వలేదు. "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది. కొమురవ్వ రెండు ముక్కల్లో చెప్పింది. డాక్టర్ ఆమె పక్కనే కూర్చుంది. "ఈ సూది గడ్డను లేపదు, పాకించదు. లోపలి నుంచి నాలుగు కణాలు తెస్తుంది, అంతే. వాటిని గాజుపలక మీద పరిచి, రంగు పెట్టి చూస్తాం. వట్టి వాపా, టీబీనా, క్యాన్సరా తెలుస్తుంది. తెలిస్తేనే కదా ఏ మందో తేలేది. గడ్డను బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరమ్మా, నేను కూడా."

"మరి కానియ్యి."

"సూది లోపలున్నంతసేపు మింగొద్దు. మాట్లాడొద్దు."

నొప్పి చీమ కుట్టినంత. మాట్లాడకుండా ఉండటమే కష్టమైంది. యాభై నాలుగేండ్లలో కొమురవ్వను ఎవరూ అట్లా కూర్చోబెట్టలేదు. మొదటిసారి వట్టి రక్తమే వచ్చిందని డాక్టర్ ఇంకోసారి పెట్టింది, మళ్లీ ఇంకోసారి. సూదిలో వచ్చిన చుక్కను గాజుపలక మీద వేసి, ఇంకో పలకతో ఒక్క ఊపులో పలుచగా పరిచింది. కొమురవ్వ ఆ చేతినే చూస్తోంది. ఆకులో పొగాకు ఎక్కడా గుత్తి కట్టకుండా పరవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. "చెయ్యి తిరిగిన పిల్లవే" అని మెచ్చుకుంది. మెడ మీద రూపాయి బిళ్లంత దూదితో మధ్యాహ్నం బస్సుకే ఊరు చేరింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి గేటు ముందు నిలబడి, "హనుమండ్లూ! ఒకటి!" అని అరిచింది. ఆ మర్నాడు "రెండు!" ఊరికి వేడుకైపోయింది. చాయ్ హోటలు దగ్గర కూడా లెక్క పెట్టడం మొదలుపెట్టారు. హనుమండ్లు తలుపు తియ్యడు గానీ లోపల నుంచి వినేవాడు. వినకపోతే ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదని మరదలు తర్వాత చెప్పింది.

ఐదో రోజు రిపోర్టు కోసం మళ్లీ కరీంనగర్ పోయింది. డాక్టర్ కుర్చీ చూపించి, తలుపు దగ్గరకు వేసింది. ఆ తలుపు చప్పుడుతోనే కొమురవ్వకు సగం తెలిసిపోయింది.

"క్యాన్సరేనమ్మా. థైరాయిడ్‌ది. కానీ ఇది నిదానంగా పెరిగే రకం. ఆపరేషన్ చేసి తీసేస్తే చాలామంది నిండుగా బతుకుతారు. నెలా నెలన్నర లోపు చేయించుకోండి. ఎగ్గొట్టొద్దు."

కొమురవ్వ తన గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మా తమ్ముని బిడ్డకు మెడల గడ్డలున్నయి. నెల ఆగొచ్చునా?" అని అడిగింది.

"చూడకుండా ఎట్లా చెప్పను? వీలైనంత తొందరగా తీసుకురండి."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తాను ఏదో పిల్లకు ధైర్యం చెప్పడానికి మెడ ఇచ్చింది. లోతు లేదని పిల్లకు చూపించబోయిన బావిలో తానే మునిగి ఉన్నట్టు తేలింది. చావంటే భయమేసింది. అంతకంటే ఎక్కువ భయం వేరేది. ఈ కాగితం హనుమండ్లు చూస్తే ఏమంటాడో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. సూది పెట్టగానే క్యాన్సర్ వచ్చిందంటాడు. ఆ సాయంత్రమే జీపు ఇచ్చోడ దారి పడుతుంది. పిల్ల మెడ మీద చుక్కలు పడతాయి. అందుకే రిపోర్టును తునికాకు కట్ట కింద దాచింది. నెల గడిచేదాకా నోరు విప్పొద్దనుకుంది. మర్నాడు గేటు ముందు కొంచెం ఆలస్యంగా నిలబడింది. కానీ "ఆరు!" అని అరిచింది.

తొమ్మిదో రోజు పొద్దు వాలే వేళ సృజన వచ్చింది. కాలేజీ సంచి అట్లనే భుజానికి ఉంది. వచ్చి, అత్త పక్కన చాపమీద కూలబడింది. ఒళ్లు కాలుతోంది. వారం నుంచి రోజూ సాయంత్రం ఇట్లాగే జ్వరం వస్తోందట.

"అత్తమ్మా, ఇంకోటి లేసింది" అని చున్నీ తీసి, అత్త చెయ్యి తీసుకుని మెడ మీద పెట్టుకుంది. ముప్ఫై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు అవి. ఆకు తేడా, తడి తేడా చీకట్లోనైనా చెబుతాయి. మూడు గడ్డలు తగిలాయి, ఒకదానికొకటి అతుక్కుని.

"నెల అయ్యేదాక ఆగాల్నా అత్తమ్మా? ఇంక ఇర్వై ఒక్క రోజులున్నయి."

పిల్ల కూడా లెక్క పెడుతోంది. కొమురవ్వకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. పదిమందిలో గొప్పగా పందెం కాసింది తన మెడ మీద అనుకుంది. కాసింది పిల్ల మెడ మీద! తల్లికి చేసిన ఆలస్యమే మళ్లీ చేస్తోంది, పైగా రోజూ పొద్దున అరిచి మరీ చేస్తోంది.

ఆకు కట్ట కింది నుంచి కాగితం తీసింది. పిల్లను రెక్క పట్టుకుని తమ్ముడి ఇంట్లోకి నడిచింది.

హనుమండ్లు అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మరదలు జమున అన్నం వడ్డిస్తోంది. కొమురవ్వ కాగితాన్ని కంచం పక్కన పెట్టింది.

"గిది నా రిపోర్టు. నాకు క్యాన్సర్. నాలుగు రోజుల సంది దాచిపెట్టిన. ఇంక దాచ."

హనుమండ్లు కాగితం వైపు చూడలేదు, అక్క మెడ వైపు చూశాడు. తర్వాత మొత్తుకున్నాడు. "సూసినవా! నేను మొత్తుకోలే? సూది పెట్టంగనే లేసింది! అవ్వను సంపిన సూదే నిన్ను సంపుతంది! రేపే, రేపు పొద్దుగాలనే పిల్లను ఇచ్చోడకు తీస్కపోత. ఎవలొచ్చి ఆపుతరో సూస్త!"

కొమురవ్వ గోడ దగ్గరకు పోయి, స్టూలెక్కి, తల్లి ఫోటో కిందికి దించింది. చందనం పొట్టు దండ ఇరవై ఏండ్ల దుమ్ముతో నల్లబడి ఉంది. గడ్డం కింది నుంచి రొమ్ము దాకా నిండా కప్పేసి ఉంది. ఆ దండ వేసిన రోజు నుంచి ఎవరూ తియ్యలేదు. ఏటా పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడు ముఖం తుడిచి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటారు, అంతే.

దండ తీసి కింద పడేసింది. ఫోటోను తమ్ముడి ముందు నిలబెట్టింది.

రాజవ్వ కుర్చీలో కూర్చుని ఉంది. కొంగు మెడ చుట్టూ తిప్పి కప్పారు గానీ ఆగలేదు. గడ్డ కొంగును తోసుకుని బయటికి వచ్చింది. కొబ్బరికాయంత. దాని మీద నల్లని చుక్కలు వరసగా. సృజన నాయనమ్మను మొదటిసారి పూర్తిగా చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"గీ ఫోటో ఎక్కడ దిగింది తమ్మీ?"

హనుమండ్లు కింద పడ్డ దండను ఏరబోయాడు.

"నేను చెప్త. కరీంనగర్ల, స్టూడియోల. అవ్వది ఒక్క ఫోటో సుత లేదు, ఆస్పత్రికి పోయే ముందుగాల దిగిపిద్దామన్నది నువ్వే. కొంగు సవరించింది నేనే. ఇప్పుడు చెప్పు. గిది సూది పెట్టినంక దిగిందా, పెట్టకముందా?"

పొయ్యి మీద పప్పు మాడు వాసన వస్తున్నా జమున కదలలేదు. హనుమండ్లు ఆ ఫోటోనే చూసి చూసి, "పెట్టకముందు" అన్నాడు.

"నిమ్మకాయంత ఉన్నదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గీ చుక్కలెవలు పెట్టిచ్చిండ్రు?"

"నేనే అక్కా. నేనే తీస్కపోయిన."

"నువ్వొక్కనివే కాదు. కాలుస్తుంటె అవ్వ కదలకుంట చేతులు ఒత్తి పట్టుకున్నది నేను. ఇద్దరం చేసినం. తెల్వక చేసినం. అవ్వను సూది సంపలే తమ్మీ, మన ఆల్శెం సంపింది. గీ పిల్లకు జరమొస్తంది, మూడో గడ్డ లేసింది. ఇప్పుడు మనకు తెల్సు. తెల్సి చేస్తమా?"

ఇరవై ఏండ్లు మింగిన మాట అది. హనుమండ్లు ఫోటోను ఒళ్లో పెట్టుకుని అట్లాగే కింద కూర్చున్నాడు. ఎవరూ అన్నం తినలేదు. పందెం సంగతి ఎవరూ ఎత్తలేదు.

పొద్దున కొమురవ్వ ఇంకా మొహం కూడా కడగలేదు. వాకిట్లో దగ్గు వినిపించింది. హనుమండ్లు ఉతికిన అంగీ వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఆధార్ కార్డులు, పక్కన సృజన. ఆయన కండ్లు వాచి ఉన్నాయి.

"పది" అన్నాడు. "నడువ్ అక్కా, బస్సు పోతది."

ఆస్పత్రి కాగితం మీద తండ్రి సంతకం పెట్టే చోట ఆయన చెయ్యి రెండుసార్లు ఆగింది. మూడోసారి పెట్టాడు. సూది పెట్టేటప్పుడు సృజన అత్త చెయ్యి పట్టుకుంది. హనుమండ్లు తలుపు దగ్గర నిలబడి గోడవైపు తిరిగాడు. రెండు నిమిషాల్లో అయిపోతే, "గింతేనా?" అని డాక్టర్‌నే అడిగాడు. ఆ అడగడంలో సంతోషం లేదు. ఇరవై ఏండ్లు తాను తిట్టింది ఇంత చిన్నదాన్నా అన్నట్టు అడిగాడు.

సృజనకు వచ్చింది టీబీ. ఆరు నెలలు గోళీలు మింగాలన్నారు. రెండు నెలలకే జ్వరం ఆగింది, గడ్డలు కరగడం మొదలైంది. పరీక్షలు కూడా రాసింది. కొమురవ్వకు ఆపరేషన్ అయింది. గొంతు కొన్నాళ్లు గరగరలాడింది, ఊరికి కొంచెం విశ్రాంతి దొరికింది. తర్వాత గొంతు తిరిగొచ్చింది, విశ్రాంతి పోయింది. ఇప్పుడు పొద్దున్నే పరగడుపున ఒక గోళీ వేసుకుంటుంది. మెడ మీద అడ్డంగా సన్నని గీత ఉంది. కొంగు కప్పుకొమ్మని ఎవరైనా అంటే, "నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అంటుంది.

ఈ పెత్రమాసకు హనుమండ్లు తల్లి ఫోటోకు కొత్త దండ తెచ్చాడు. మెడ మీద వెయ్యలేదు. పటం కింది అంచుకు కట్టాడు. ఆ వారంలోనే రాయమల్లు వచ్చాడు. కోడలికి మెడ వాచిందట. ఇచ్చోడ మనిషి ఫోన్ నంబరు ఏమన్నా ఉందా అని అడిగాడు. హనుమండ్లు లేచి, గోడ మీది ఫోటో దించి, రాయమల్లు చేతుల్లో పెట్టాడు.

"మా అవ్వ" అన్నాడు. "మెడ సూడు రాయమల్లూ. గిది సూది పెట్టకముందు."